ధాత కరువు – గుండ్లకమ్మ రేవు

అమెరికాలో తెలుగువారి చరిత్ర రాయబూనిన వారు 1965 నాటి ఇమ్మిగ్రేషన్ చట్టంతో మొదలుపెట్టడం ఆనవాయితీ. డాక్టర్లూ ఇంజనీర్లూ విమానాలు దిగడం, ఊరికొక సంఘం పుట్టడం, పండుగలకు ఇలాంటి సంచికలు వెలువడడం మనందరికీ తెలిసిన కథే. అయితే తెలుగునేలకూ అమెరికాకూ రాకపోకలు అంతకు నూటముప్పై ఏళ్ళ ముందే మొదలైనాయి. కాకపోతే అప్పటి ప్రయాణం ఇటునుంచి అటు. 1835లో బోస్టన్ రేవులో ఓడ ఎక్కిన శామ్యూల్ డే అనే బాప్టిస్టు మిషనరీ మరుసటి ఏడు కలకత్తాలో దిగి, విశాఖపట్నం, శ్రీకాకుళం, మద్రాసు తిరిగి, చివరకు 1840లో నెల్లూరులో కాపురం పెట్టాడు. 1842లో అమెరికన్ లూథరన్ సంఘం తరఫున ఫాదర్ హయ్యర్ గుంటూరు చేరాడు. ఆ సంఘం వారి డాక్టర్ అన్నా కుగ్లర్ పేరు మీద గుంటూరులో వెలసిన ఆసుపత్రిలో పుట్టినవారు ఈ సంచిక చదివే మిత్రుల్లోనూ కొందరు ఉండే ఉంటారు.

ఈ రాకపోకల చరిత్రలో ఒక ఘట్టం గురించి మాత్రమే ఇక్కడ మనవి చేయదలచాను. అది 1876 నుంచి 1878 వరకు సాగిన మహా కరువు, ఆ కరువులో ఒంగోలు సీమ మాదిగపల్లెల్లో చిగురించిన ఒక ఆశ. ఆదివారాల్లో ఈ బే ఏరియాలో పురుషోత్తమ చౌదరి కీర్తనలు పాడుకునే తెలుగు కుటుంబాల్లో చాలామందికి ఇది తాతముత్తాతల కథ. తక్కిన తెలుగువారికి ఇది ఎందుకు తెలియదో నాకు అర్థం కాదు.

మొదటి పాతికేళ్ళు చెప్పుకోదగ్గ ఫలితం ఏదీ లేదు. డే దొర ఆరోగ్యం చెడి స్వదేశం వెళ్ళాడు. ఆయన వెంట వచ్చిన లైమన్ జ్యూయెట్ దంపతులు నెల్లూరులో మిగిలారు. ఇంత ఖర్చుపెట్టి ఈ తెలుగు మిషన్ నడపడం దేనికి, మూసివేద్దామా అని అమెరికాలో పెద్దలు తర్జనభర్జన పడ్డారు. 1853లో ఆల్బనీ నగరంలో జరిగిన సభలో ఈ చర్చ తీవ్రంగా సాగింది. పటంలో మిషన్ కేంద్రాలను నక్షత్రాలతో గుర్తించేవారు. తెలుగుదేశంలో ఉన్నది నెల్లూరు ఒక్కటే గనుక దానికి ఒంటరి నక్షత్రం అని పేరు పడింది. అమెరికా బడిపిల్లలు పాడుకునే దేశభక్తి గీతం రాసిన శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ ఆ ఒంటరి నక్షత్రం మీదనే ఒక పద్యం రాశాడు. సభ మనసు మారింది, మిషన్ నిలిచింది. ఒక కవిత బడ్జెట్టును కాపాడిన సందర్భాలు లోకంలో తరచుగా కనబడవు గనుక ఈ సంగతి చెప్పకుండా ఉండలేకపోయాను.

1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున జ్యూయెట్ దంపతులు, క్రిస్టియన్ నర్సు అనే తెలుగు బోధకుడు, జూలియా, రూతు అనే ఇద్దరు స్త్రీలు, వెరసి ఐదుగురు ఒంగోలు దగ్గరి కొండ ఎక్కి, ఈ ఊరికి ఒక మనిషిని పంపమని ప్రార్థించారు. దాన్ని ఇప్పటికీ ప్రార్థన కొండ అంటారు. ఫ్రీమాంట్‌లో వారం వారం మిషన్ పీక్ ఎక్కి దిగే మనవాళ్ళు చూస్తే దాన్ని కొండ అంటారో దిబ్బ అంటారో చెప్పలేను. ఆ ఐదుగురిలో ముగ్గురు తెలుగువారనీ, ఆ ముగ్గురిలో ఇద్దరు ఆడవారనీ మాత్రం గుర్తుంచుకోవాలి.

వారు అడిగిన మనిషి పన్నెండేళ్ళకు గాని ఒంగోలులో కాపురం పెట్టలేదు. అతడే జాన్ ఎవరెట్ క్లౌ. 1836లో న్యూయార్కు రాష్ట్రంలో పుట్టి, కుర్రతనంలో మిన్నెసోటా అడవుల్లో భూముల సర్వే పని నేర్చినవాడు. గొలుసు లాగి నేల కొలిచే ఆ విద్య తర్వాత వేలమంది ప్రాణాలు నిలపబోతున్నదని అప్పుడెవరికి తెలుసు? 1865లో నెల్లూరు వచ్చి, 1866లో ఒంగోలు చేరాడు. మనవాళ్ళు ఆయన్ను క్లౌ దొర అన్నారు.

ఈ కథకు అసలు నాయకుడు మాత్రం దొర కాదని నా అభిప్రాయం. యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద. ఊరు ఒంగోలుకు పడమటనున్న తాళ్ళకొండపాడు. తోలు వ్యాపారం మీద తిరిగేవాడు. యోగమార్గంలో గురువుల దగ్గర సాధన చేసినవాడు. మనిషి లోపల వెలిగే దేవుడొకడున్నాడని క్రైస్తవం వినకముందే తెలుసుకొని, ఆయన కోసం వెతుకుతూ ఉన్నవాడు. 1866లో ఆయనా, భార్య నాగమ్మా బాప్తిస్మం పొందారు. తిరిగి వెళ్ళి తన చుట్టాలకూ, తోలు బేరాల్లో కలిసేవారికీ చెప్పడం మొదలుపెట్టాడు. 1867 జనవరి 1న ఒంగోలులో సంఘం ఏర్పడేనాటికి సభ్యులు ఎనిమిది మంది. అదే నెలలో క్లౌ తాళ్ళకొండపాడు వెళ్ళి గుడారం వేస్తే 28 మంది ముందుకొచ్చారు. చుట్టరికాల దారుల వెంట, సంతల వెంట, తోలు బండ్ల వెంట ఆ మాట పల్లె నుంచి పల్లెకు పాకిపోయింది. దొరలకు తెలియని దారులవి.

అప్పుడే ఒక చిక్కు వచ్చింది. అంతకు ముందు పై కులాల వారు కొందరు క్లౌ చెప్పేది ఆసక్తిగా వింటూ ఉండేవారు. బ్రాహ్మణ పిల్లలు ఆయన బడికి వచ్చేవారు. మాదిగలను చేర్చుకుంటే మేము రాము అన్నారు. దొరా, దొరసానీ ఆ రోజు విడివిడిగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే చోటు కనబడిందని క్లౌ చెప్పుకున్నాడు. లోకం నీచమని తీసివేసినవారినే దేవుడు ఎన్నుకుంటాడని చెప్పే చోటది. బడి ఖాళీ అయింది. మాదిగలు చేరారు.

చేరిన వారికి పెట్టిన కట్టుబాట్లు ముఖ్యంగా మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు. వినడానికి ఇవి చిన్నవిగా కనబడతాయి. కాని ఊళ్ళో గొడ్డు చస్తే మోసుకుపోవలసిందీ, జాతరకు డప్పు కొట్టవలసిందీ, పిలిచినప్పుడు వెట్టికి పోవలసిందీ మాదిగే. ఆదివారం రాను అంటే యజమానికి కోపం, డప్పు కొట్టను అంటే ఊరికి కోపం. ఆ కోపం మాటలతో ఆగేది కాదు. ఆ రోజుల్లో క్రైస్తవుడు కావడమంటే కష్టాలు తీరడం కాదు, కొత్తవి మీద వేసుకోవడం. అయినా 1876 నాటికి ఒంగోలు సంఘంలో మూడు వేలకు పైగా చేరారు.

ఇక కరువు. 1876లో వానలు లేవు. తెలుగు లెక్కలో అది ధాత నామ సంవత్సరం గనుక మన పెద్దలు దాన్ని ధాత కరువు అన్నారు. తరువాతి ఈశ్వరలో కూడా చాలాకాలం వానలు సరిగ్గా పడలేదు. మద్రాసు, బొంబాయి రాజధానులు, మైసూరు, హైదరాబాదు సంస్థానాలు అన్నీ మాడిపోయాయి. చనిపోయిన వారు 50 లక్షలకు మించి ఉంటారని సాధారణంగా వేసే అంచనా. కర్నూలు జిల్లా జనసంఖ్య 1871 లెక్కలకూ 1881 లెక్కలకూ మధ్య నాలుగో వంతు తగ్గింది. ఇవతల జనం ఇలా రాలిపోతుంటే 1877 జనవరి 1న ఢిల్లీలో వైస్రాయి లిట్టన్ విక్టోరియా రాణిని చక్రవర్తినిగా ప్రకటిస్తూ దర్బారు చేశాడు. ఖర్చు తగ్గించడానికి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో మగకూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునన్నాడు. మట్టి మోసే మనిషికి అది చాలదని మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ గట్టిగా వాదించాడు.

అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలోది. ప్రకాశం జిల్లా మన కాలపు మాట. ఒంగోలు, కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు మంచి రోజుల్లోనే మెట్ట సీమలు. చేనున్నవాడి గాదెలు ఖాళీ అయ్యేసరికి ఆ గాదెల మీద బతికే మాదిగల పళ్ళేల్లో ఏమీ లేదు. గొడ్లు చచ్చాయి గనుక తోలు పనీ పోయింది.

గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు కాలంలో తీరం పొడవునా పడవల కాలువను కలిపే పని కరువు పనిగా సాగింది. ఆ కాలువకు తర్వాత ఆయన పేరే వచ్చింది. క్లౌ అందులో మూడున్నర మైళ్ళు కాంట్రాక్టు తీసుకున్నాడు. ఒంగోలుకూ సముద్రానికీ మధ్య రాజుపాలెం దగ్గర తాటాకు గుడిసెలు లేచాయి. సర్వే పని తెలిసినవాడు గనుక పనిముట్లు పట్టుకుని తానే కొలతలు చూసుకున్నాడు. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. ఒక్కొక్కరి కింద వందమంది చొప్పున, ఒక్కోసారి మూడు వేలమంది దాకా పనిచేశారు. తక్కిన చోట్ల మేస్త్రీలు కొట్టేవారనీ, కూలి మిగుల్చుకునేవారనీ, ఇక్కడ కొట్టడం లేదనీ, కూలి చేతికి వస్తుందనీ తెలిసి దూరపు పల్లెల నుంచి జనం నడిచి వచ్చారు. దారిలో పడిపోయినవారు పడిపోయారు. శిబిరంలో కలరా కూడా వచ్చింది. పక్కన పడుకున్నవాడు తెల్లారేసరికి లేకపోవడం అక్కడ విశేషం కాదు.

మధ్యాహ్నం పని ఆగినప్పుడు మేస్త్రీ వచ్చి తన వందమంది మధ్య కూర్చునేవాడు. అతడూ మాదిగే, ఎవరో ఒకరికి చుట్టమే. నిన్నటి వరకు తమలాగే ఊరి చివర బతికినవాడు. అతడు చెప్పే మాటల్లో మళ్ళీ మళ్ళీ వచ్చేది మత్తయి సువార్తలోది. బరువులు మోసి అలసినవారిని తన దగ్గరికి రమ్మని, విశ్రాంతి ఇస్తానని క్రీస్తు పిలిచే మాట. ఆ మాట మీద పెద్ద పెద్ద వ్యాఖ్యానాలు ఉండవచ్చు. తలమీద మట్టితట్ట దించి, మెడ నొక్కుకుంటూ కూర్చున్న ఆడమనిషికి వ్యాఖ్యానం అవసరం లేదు. నిన్నెవరో పిలుస్తున్నారు అని తోటివాడు చెప్పడమే కొత్త. అప్పటిదాకా ఆమెను పిలిచింది వెట్టికి మాత్రమే.

ఇక్కడ పాఠకులు ఒక ప్రశ్న వేయవచ్చు. ఆకలితో ఉన్నవాడికి గంజి పోసి మతం మార్చడం ఏమి ధర్మం అని. బియ్యపు క్రైస్తవులు అనే ఎత్తిపొడుపు ఆనాటి నుంచి ఈనాటి దాకా వినబడుతూనే ఉంది. ప్రశ్న న్యాయమైనదే. ఫ్రీమాంట్‌లో కూర్చుని రాస్తున్నవాడికి అది మరీ న్యాయంగా తోస్తుంది. మన ఊరి మిషన్ శాన్ హోసే 1797 జూన్ 11న ఫాదర్ లాసుయెన్ స్థాపించినది. ఇక్కడి ఆదివాసులైన ఓలోనీలు ఒకసారి బాప్తిస్మం పొందితే అనుమతి లేకుండా మిషన్ విడిచి వెళ్ళడానికి వీల్లేదు. పారిపోతే సైనికులు పట్టి తెచ్చేవారు. 1806లో తట్టు జబ్బు వచ్చి గుంపులు గుంపులుగా చనిపోయారు. వేలమంది ఓలోనీలు ఇక్కడి మట్టిలోనే ఉన్నారు. ఈ మిషన్‌లో ఉన్న ఎస్తనిస్లావ్ అనే యొకుట్స్ జాతివాడు 1828లో తిరగబడి లోయలోకి వెళ్ళిపోయాడు. స్టానిస్లాస్ నది పేరు అతనిదే. తప్పు మొత్తం ఒకరిదే అని చెప్పడం కూడా కష్టం. అక్కడే ఫాదర్ దురాన్ ఓలోనీలకు వాద్యాలు నేర్పి గొప్ప సంగీత బృందాన్ని తయారుచేశాడు. తిరిగి వచ్చిన ఎస్తనిస్లావ్‌కు క్షమాభిక్ష ఇప్పించినవాడూ ఆయనే. ఏమైనా వెళ్ళడానికి స్వేచ్ఛ లేని చోట ఉండడం నమ్మకమో కాదో ఎవరూ తేల్చలేరు. మిషన్ శాన్ హోసే ఆలయం 1868 భూకంపంలో కూలింది, 1985లో మళ్ళీ కట్టింది ప్రతిష్ఠ జరిగింది. ఆ ప్రశ్న మాత్రం అక్కడే నిలబడి ఉంది.

ఒంగోలులో ఏమి జరిగిందో ఆ వెలుగులో చూడాలి. కరువు నడిచినంత కాలం, పదిహేను నెలలపాటు, క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అడిగినవారికి ఆగమన్నాడు. తిండి కోసం వస్తున్నారో నమ్మి వస్తున్నారో తనకు తెలియదనీ, తెలిసే రోజు వరకు చేయననీ అన్నాడు. 1878 నాటికి వానలు పడ్డాయి. కాలువ పని ముగిసింది, పంచవలసిన సొమ్మూ అయిపోవచ్చింది. ఇక ఇవ్వడానికి ఏమీ లేదు గనుక ఎవరూ రారనుకోవాలి. జనం వందలు వందలుగా వచ్చారు.

ఒంగోలుకు ఉత్తరాన పది మైళ్ళ దూరంలో, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర క్లౌ వారిని కలుసుకున్నాడు. మీకు సాయం చేయడానికి నా దగ్గర ఇక డబ్బు లేదు, ఇళ్ళకు వెళ్ళండి అని చెప్పాడు. వారు అరచేతులు చాపి బొబ్బలు చూపించారట. పని చేసి బతికామనీ, ఇకముందూ పని చేసుకునే బతుకుతామనీ, తమకు సాయం అక్కర్లేదనీ అన్నారు. పైరు మళ్ళీ ఎండితే చచ్చిపోతామనీ, చచ్చేదేదో క్రైస్తవులుగా చస్తామనీ అన్నారు. దొర ఆత్మకథలో రాసుకున్న సంగతి ఇది. ఆయనకు అనుకూలమైన సాక్ష్యమే గనుక కొంత తరుగు తీసి చదవవచ్చు. నేను ఎంత తరుగు తీసినా ఆ బొబ్బలు మిగిలే ఉన్నాయి.

1878 జూలై 3, బుధవారం. పొద్దున మొదలై, మధ్యాహ్నం కాసేపు ఆగి, సాయంకాలం దాకా గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఒకసారికి ఇద్దరు నీళ్ళలో దిగేవారు, అలసిపోతే మరో ఇద్దరు. క్లౌ ఒడ్డున నిలబడి చూశాడు, తాను ఒక్కరికీ ఇవ్వలేదు. ముందు రోజుదీ తర్వాతి రోజుదీ కలుపుకుంటే మూడు రోజుల్లో 3,536 మంది. ఆ ఏడు ముగిసేసరికి 9,606. ఆ సంవత్సరం పేరు బహుధాన్య కావడం కాకతాళీయమే అయినా, పంచాంగం కూడా ఒక్కొక్కప్పుడు చమత్కారం చేస్తుంది.

తిండికీ నమ్మకానికీ మధ్య గీత గీయాలని క్లౌ పట్టుబట్టడం ఆయన నిజాయితీకి గుర్తు. ఆ గీత అవతలివైపు నిలబడినవారికి అంత స్పష్టంగా కనబడి ఉంటుందా అంటే, ఉండదని నా ఊహ. కొట్టకుండా పని చేయించుకోవడం, చేసిన పనికి కూలి ఇవ్వడం, కలరా వచ్చినవాడి పక్కన కూర్చోవడం - దేవుడు ఎలాంటివాడో వారికి తెలిసింది ఇందులోంచే. అది కొనుగోలు అనుకునేవారు అనుకోవచ్చు. వందల ఏళ్ళుగా ఊరి గుడి గడప బయటే నిలబెట్టినవారు, ఎవరో లోపలికి పిలిస్తే వెళ్ళినవారిని నిలదీయడం మాత్రం నాకు మింగుడు పడదు.

తరువాతి కథ అంతా వెలుగే అని చెప్పను. వచ్చినవారిలో జారిపోయినవారూ ఉన్నారు. ఊళ్ళలో పాత దెబ్బలు ఆగలేదు. కులం గడప దాటి చర్చిలోకీ వచ్చి కూర్చుంది. స్వతంత్ర భారతంలో 1950 ఉత్తర్వు వల్ల క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డు కులాల హోదా లేకుండా పోయింది. మన రాష్ట్రంలో వారిని వెనుకబడిన తరగతుల్లో సి గ్రూపుగా చేర్చి ఒక్క శాతంతో సరిపెట్టారు. వినుకొండలో 1895లో క్రైస్తవ కుటుంబంలోనే పుట్టిన జాషువా, గబ్బిలం చేత కాశీ విశ్వనాథుడికి కబురు పంపవలసి వచ్చిందంటే పరిస్థితి ఏమిటో ఊహించుకోవచ్చు. గుడిలోకి మనిషికి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. ఆయనే తర్వాత క్రీస్తు చరిత్ర రాసి 1964లో సాహిత్య అకాడెమీ బహుమతి అందుకున్నాడు.

ఒంగోలులో బళ్ళూ, ఆసుపత్రీ లేచాయి. క్లౌ పేరు మీది ఆసుపత్రి, జ్యూయెట్ పేరు మీది చర్చి అక్కడివారికి తెలిసినవే. క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ మాదిగ పెద్దల దగ్గర కూర్చుని అరుంధతి కథ, మాతంగి కథ, పేరయ్య కథ విని రాసుకుంది. ఆ పుస్తకం 1899లో వెలువడింది. ఆమె తమ్ముడు వాల్టర్ రౌషెన్‌బుష్, సమాజంలో న్యాయం లేకుండా రక్షణ గురించి మాట్లాడడం వట్టిమాట అని అమెరికాకు చెప్పిన వేదాంతి. ఆయన 1907 నాటి పుస్తకం తన మీద గాఢమైన ముద్ర వేసిందని మార్టిన్ లూథర్ కింగ్ రాసుకున్నాడు. ఒంగోలు నుంచి అక్కకు తెలిసిన సంగతులు తమ్ముడి ఆలోచనలో ఎంత కలిశాయో కొలిచే తూకం లేదు. అక్కాతమ్ముళ్ళు ఉత్తరాలు రాసుకోకుండా ఉంటారా అని మాత్రం అనుకుంటాను.

క్లౌ 1910లో న్యూయార్కు రాష్ట్రంలోని రోచెస్టర్‌లో కన్నుమూశాడు. ఆ కూలీలు తవ్విన కాలువలో ఇప్పుడు పడవలు తిరగవు. చాలాచోట్ల పూడిపోయింది, కొన్నిచోట్ల జమ్ము మొలిచింది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు సముద్రం తోసిన నీటిలో కొంత ఆ కాలువలోకి దిగి, ఆంధ్ర తీరంలో దాని వెనుక ఉన్న పల్లెలకు దెబ్బ తగ్గిందని తరువాత పరిశీలించినవారు రాశారు.